గార్డుగారి పక్క సీటు

సముద్రం చూడ్డానికి దేంట్లో వెళ్లాలన్న చర్చలో ఆ పొద్దున కాఫీలన్నీ చల్లారిపోయాయి. విమానమైతే గంటలో దిగొచ్చని కూతురు, కారైతే మోకాళ్లు నొప్పెట్టినచోట ఆగొచ్చని కొడుకు. ముప్పై అయిదేళ్లు రైలు గార్డుగా చేసి రిటైరైన తండ్రి మాత్రం పట్టు విడవలేదు.

"నాకు డెబ్బై వచ్చాయిగానీ మతి పోలేదు. రైలే! అన్నీ నేను చూసుకుంటాను."

"రైలే కానివ్వండి. కానీ నా పక్కనే కూర్చోవాలి" అంది గార్డుగారి భార్య. "మీతో ఎన్ని రైళ్లెక్కాను! నేను ముందు పెట్టెలో, మీరు డ్యూటీ అంటూ చివరి పెట్టెలో. ఒక్కసారైనా పక్కపక్కన కూర్చున్నామా?"

ఆవిడకి అలాంటి కోరిక ఒకటుందని ఆయనకి అప్పుడే తెలిసింది. పాపం, మనసు చివుక్కుమని మాటిచ్చేశారు.

నాలుగు స్టేషన్ల దాకా ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. అయిదో స్టేషన్లో ఫోను సీటు మీద పడేసి, సీసా పట్టుకుని నీళ్లకి దిగారు. కుళాయి ప్లాట్‌ఫాం ఆ చివర ఉంది. సీసా నిండేలోగా రైలు కూత వేసింది. గార్డుగారి కాళ్లు ఆయన్ని అడక్కుండానే అలవాటైన మెట్లెక్కేశాయి.

"గురువుగారూ, మీరా!" అన్నాడు చివరి పెట్టెలో ఉన్న కొత్త గార్డు. పని నేర్చుకున్నది ఈయన దగ్గరే. "వచ్చే స్టేషన్ దాకా ఇక్కడే కూర్చోండి సార్."

కూర్చోవడమా? ఆయన అప్పుడే రిజిస్టరు తిరగేసి, చేతిరాత బాగాలేదని మందలిస్తున్నారు.

ముందు పెట్టెలో ఆవిడ, రైలు కదిలినా ఆయన రాలేదని కంగారుపడింది. ఫోను చేస్తే అది పక్క సీట్లోనే మోగింది. "కుళాయి దగ్గర ఒక పెద్దాయన్ని చూశానమ్మా, ఎక్కినట్టు లేదు" అన్నాడు ఎదుటి సీటాయన, సాయం చేద్దామనే. ఆవిడ కూతురికి ఫోను చేసింది. కూతురు అన్నకి చేసింది. అన్న కారు తీశాడు. అదీ చాలదనుకుని ఆవిడ లేచి, రెండు చేతులా చెయిన్ లాగేసింది.

రైలు కీచుమంటూ ఆగింది.

"ఎవడో బుద్ధిలేనివాడు! 'సరైన కారణం లేదు' అని రాసుకో" అన్నారు చివరి పెట్టెలో గార్డుగారు.

"ముందు వెళ్లి అడగాలి కదా సార్?"

"నా సర్వీసులో చెయిన్ లాగినవాడికి సరైన కారణం ఉండగా చూడలేదు. రాయి!"

కొత్త గార్డు రాశాడు. ఇద్దరూ దిగి, పట్టాల వెంట నడిచి, ఒక్కో పెట్టెలో వాకబు చేసుకుంటూ వెళ్లారు. "ఎవరది లాగింది?" అని గద్దిస్తూ ఎక్కిన గార్డుగారికి ఎదురుగా భార్య కనిపించింది. కళ్లనిండా నీళ్లు.

"పట్టాల మీద పడ్డారేమో అనుకున్నానండీ! ఎక్కడున్నారింతసేపూ?"

"చివరి పెట్టెలో" అన్నారాయన.

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. గార్డుగారికి నిజంగానే సిగ్గేసింది. కొత్త గార్డు చేతిలోని రిజిస్టరు, కలం అడిగి తీసుకుని, రాసింది కొట్టేసి, దాని కింద తన చేత్తోనే రాశారు: "కారణం సరైనదే. తప్పు భర్తది." ఫోను చేసి కొడుకు కారు వెనక్కి తిప్పించి, ఆవిడ పక్క సీట్లో కూలబడ్డారు. సముద్రం వచ్చేదాకా కాఫీకి కూడా లేవలేదు.

తిరుగు ప్రయాణం ఆవిడ ఎంపిక ప్రకారం బస్సులో జరిగింది. ఆయన్ని కిటికీ వైపు కూర్చోబెట్టి, దారికి అడ్డంగా తాను కూర్చుంది.