ముఖచిత్రం మీద గుంట

ఒక పెద్ద అడవిలో పత్రిక ముందు వచ్చిందో, వేటగాడి గుంటలు ముందు వచ్చాయో సరిగా గుర్తు లేదు. వరస అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

పత్రిక పేరు ‘అడవి కబురు’. వారానికోసారి టేకు ఆకుల మీద వచ్చేది. సంపాదకుడు ఎలుగుబంటి బొంతయ్య. చివరి పేజీలో ఒక మూల ముళ్లపంది సూదెమ్మది. వేటగాడు కొత్తగా ఎక్కడ గుంట తవ్వాడో ఆవిడ రాసేది. వయసు మీదపడి మరపు ఎక్కువైంది కనక, గుంట కనబడగానే తన ముల్లే పీకి అక్కడికక్కడే రాసుకునేది. బొమ్మల్లేవు, రంగుల్లేవు. చదివినవాళ్లు మాత్రం బతికుండేవాళ్లు.

అయితే పత్రికలో మేడిపళ్లు పొట్లం కట్టుకునేవాళ్లే ఎక్కువయ్యారు. బొంతయ్యకు దిగులు పట్టుకుంది. పేజీలు అందంగా తీర్చడానికి నెమలి నీలకంఠాన్ని పిలిపించాడు.

ఆ వారం వాగు దారిలో, మద్దిచెట్టు పక్కన కొత్త గుంట పడింది. సూదెమ్మ నాలుగు ముక్కలు రాసిచ్చింది. నీలకంఠం దాన్ని ఏకంగా ముఖచిత్రం చేశాడు. గుంట మీద లేత ఆకులు, చుట్టూ మోదుగుపూలు, అంచున పండిన వెలక్కాయలు. ‘వెళ్లకండి’ అన్న మాట అడుగున ఓ మూల, బూడిదరంగులో, చీమంత.

“నాయనా, ఆ మాట కాస్త పెద్దగా పెట్టు,” అంది సూదెమ్మ.

“వద్దు అనే మాట పెద్దగా కనబడితే పేజీ తిప్పేస్తారు పిన్నిగారూ. చూపు ముందు బొమ్మ మీద పడాలి. అక్కణ్ణించి మెల్లగా కిందికి జారాలి.”

“జారడం దాకా బాగానే ఉంది,” అంది సూదెమ్మ.

పొద్దెక్కేసరికి ఒక్క ప్రతి మిగల్లేదు. జింకలు ముఖచిత్రాన్ని పొదలకు వేలాడదీసుకున్నాయి. బొమ్మే ఇంత బాగుంటే అసలుది ఇంకెంత బాగుంటుందోనని, కుందేలు చెవులయ్య ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని వాగు దారి పట్టాడు. వెనక జింకలూ కదిలాయి.

సూదెమ్మ ఆయాసపడుతూ వెళ్లి, ముళ్లు నిక్కబొడుచుకుని దారికి అడ్డంగా నిలబడింది. అటు పోతే చస్తారని చెప్పింది.

చెవులయ్య నొచ్చుకున్నాడు. “అదేంటత్తా, నువ్వు రాశావనేగా బయల్దేరాం.”

ఈలోగా వెనకవాళ్లు పక్కనుంచి తోసుకుపోయారు. ముందున్నవాళ్లు ఆగుదామన్నా కుదరలేదు. ఏడుగురు పడ్డారు. వాళ్లలో చెవులయ్యా ఉన్నాడు.

ఏ సంచికకూ ఇంత స్పందన రాలేదని నీలకంఠం పురి విప్పాడు. మరుసటి వారం మాత్రం ప్రతులు మిగిలిపోయాయి. కొత్తగా చేరిన చందాదారు ఒక్కడే, వేటగాడు. ఎర పెట్టే శ్రమ తప్పిందని ముఖచిత్రాలు కట్టలుగా తెప్పించుకున్నాడట.

పోయినవాళ్ల పేర్లు వెయ్యమని బొంతయ్య సూదెమ్మకు సగం పేజీ ఇచ్చాడు. పేర్లన్నీ ఒకే పొడుగుంటే వరస చూడముచ్చటగా ఉంటుందని నీలకంఠం కబురంపాడు.

సూదెమ్మ ముల్లు పీకి రాసింది. ఆరు దగ్గర ఆగిపోయింది. కోడల్ని పిలిచింది. “అమ్మాయ్, నేను చదువుతా, నువ్వు సరిచూడు. ఎవరిదో ఒక పేరు తప్పింది. చిన్న పేరైనా పెద్ద పేరైనా ఉన్నదున్నట్టు చెప్పు.”

నీతి: గుంట బొమ్మ అందంగా వెయ్యాలనుకుంటే, ముందు గుంట పూడ్చి రావాలి.