అయిదు ఫాక్టోరియల్ నూట పంతొమ్మిది

కాలువగట్టు మీది ఇంజనీరింగ్ కాలేజీలో అయిదు ఫాక్టోరియల్, అంటే ఒకటి నుంచి అయిదు దాకా వరసగా హెచ్చవేస్తే వచ్చేది, పద్నాలుగేళ్ళుగా నూట పంతొమ్మిది. ఒక సీనియర్ తన ల్యాబ్ రికార్డులో నూట ఇరవైకి బదులు అలా రాశాడు. సారు చూడకుండా సంతకం పెట్టాడు. తర్వాతి బ్యాచ్‌లన్నీ దాన్నే చూసి రాశాయి. మూడో ఏటికి కంప్యూటర్లు కూడా దారికొచ్చాయి.

దీనివల్ల పెద్ద ఇబ్బందేమీ రాలేదు. అయిదుగురు అయిదు కుర్చీల్లో నూట ఇరవై వరసల్లో కూర్చోవచ్చు. అక్కడ ఒక వరస తగ్గింది, అంతే. అదేదో అటెండర్లని కూర్చోబెట్టి తేల్చి, నోటీసు బోర్డులో పెట్టారు. హాల్‌టికెట్ నంబర్లు పెద్ద నుంచి చిన్నకి దిగుతూ ఉంటే చివరి మనిషికి కుర్చీ అందదు.

సలోమి మాత్రం రికర్షన్ని అర్థం చేసుకుంది. అయిదు తన జవాబు కోసం నాలుగుని అడగాలి, నాలుగు మూడుని అడగాలి. అలా ఒకటి దాకా దిగి, జవాబు చేతులు మారుతూ పైకి రావాలి. అలా వచ్చిన నూట ఇరవైని రాసి రెండుసార్లు తప్పింది. ఇది ఆఖరి సెమిస్టరు. ఈ ఒక్క ల్యాబ్ గట్టెక్కితేనే క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం నిలుస్తుంది.

వైవాకి, అంటే నోటి పరీక్షకి, అయిదుగుర్ని పెద్ద నంబరు నుంచి చిన్న నంబరుకి పిలిచారు; సలోమిది ఆఖరు. నలుగురు కూర్చున్నారు. సలోమి కూర్చోబోతే కుర్చీ జానెడు వెనక్కి జరిగింది. లాక్కుంది. మళ్ళీ జరిగింది.

"దాంతో కుస్తీ ఎందుకమ్మా? నీ వరస లేదు," అన్నాడు ల్యాబ్ అసిస్టెంటు సత్తిరాజు.

"వీళ్ళలో ఎవరైనా ఇటు మారితే సరిపోద్ది కదండీ?"

"సీటింగ్ ప్లాన్ మీద సంతకం అయిపోయింది."

నలుగురూ కుర్చీలు గట్టిగా పట్టుకున్నారు.

పక్క ఊరి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు తలెత్తలేదు. "అయిదు ఫాక్టోరియల్ ఎంత?"

"మీ కాలేజీలో ఎంతండీ?" అంది సలోమి, నిలబడే.

"నూట పదహారు. శుభమని అలాగే ఉంచేశాం. మీదెంతో చెప్పు."

ఆమె లోపల లెక్క ఇరవై నాలుగు దాకా వచ్చింది. అక్కడ ఆపేసింది.

"నూట పంతొమ్మిదండీ."

"గుడ్. ఎలా వచ్చింది?"

"రికార్డులో ఉందండీ."

పూర్తి మార్కులు వేశాడు.

వరండాలో జూనియర్ ఫాతిమా ఆమె రికార్డు కోసం కాచుకుని ఉంది.

"అక్కా, రికర్షన్ నా బుర్రకి ఎక్కట్లేదు. కాస్త చెప్పవా?"

"అర్థం చేసుకుంటే రెండేళ్ళు పడుద్ది. చూసి రాసుకుంటే మధ్యాహ్నానికి అయిపోద్ది."

"మరి ఇరవై నాలుగు అయిదులు నూట ఇరవై కదక్కా?"

"నేనూ రెండేళ్ళు అలాగే అన్నాను."

ఫాతిమా రికార్డు అందుకుని మెట్ల మీద కూర్చుని, పెన్ను మూత తీసి రాసుకోసాగింది. ఆ పిల్ల దస్తూరీ చక్కగా ఉంది.