పది గ్రాములు ఎక్కువ

ఆ శనివారం పొద్దున ఒతకార్ చేతిలో ఉన్నవి ఇవి: తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ ఒకటి, మేగజైన్లు నాలుగు, పదకొండేళ్ళ అనుభవం. ఆ పదకొండేళ్ళలో వచ్చిన కప్పులు మాత్రం సున్నా. ఇవి కాక బొస్కొవిత్సే ఊళ్ళో ఇనప సామాను కొట్టు, కొట్టులో తాత నాటి త్రాసు, నూరు ఉండవలసిన పెట్టెలో తొంభై తొమ్మిదే ఉన్న అయస్కాంతాలు. పెట్టెను సాక్ష్యంగా అమ్మకుండా ఉంచి, ఆ ఒక్కటి తక్కువ పంపాడని బర్నోలోని టోకు వర్తకుడికి నాలుగేళ్ళలో ఏడు ఉత్తరాలు రాశాడు. ఒతకార్ తనకు రావలసినదాన్ని వదులుకునే మనిషి కాదు.

ఇంట్లో కూడా ఒక ఆస్తి ప్రమాదంలో పడింది. వంటింటి పక్క సామాన్ల గదిలో గోడ పొడుగునా ఉన్న అర అతని పిస్టల్ సామగ్రిది. ఈ ఏడు దోసకాయలు విరగకాశాయి. భార్య బ్లజేనా ఊరవేసిన అరవై సీసాలు మేడమెట్ల మీద నిలబడి ఉన్నాయి. రొట్టె మీద వెన్న రాస్తూ ఆమె మాట తేల్చేసింది.

"ఇవాళ కప్పుతో వస్తే అర నీది. ఖాళీ చేతుల్తో వస్తే దోసకాయలది. మళ్ళీ వాదన పెట్టుకోకూడదు."

"సీసాలకి వేరే చోటు చూసుకో," అన్నాడు ఒతకార్.

అతని ధీమాకు కారణం ఉంది. అతను పోటీ చేసేది ఫ్యాక్టరీ విభాగంలో. అక్కడ పిస్టల్ అంగట్లో కొన్నట్టే ఉండాలి. నియమాల పుస్తకం ఒప్పుకున్న చిన్నచిన్న మార్పులు తప్ప మరేమీ చెయ్యకూడదు. అయితే తయారీదారు చెప్పిన బరువు మీద యాభై ఏడు గ్రాముల దాకా పెరగవచ్చునని అదే పుస్తకంలో ఉంది. బరువైన పిస్టల్ చేతిలో ఎగరదు. ఎగరకపోతే రెండో గుండు తొందరగా పేలుతుంది. ఊరికే ఇస్తున్న యాభై ఏడు గ్రాములను తీసుకోకపోవడం ఒతకార్ దృష్టిలో నష్టం. చలికాలమంతా కూర్చుని లోపలి కడ్డీనీ, మేగజైన్ అడుగు పలకనూ ఇత్తడితో చేసుకున్నాడు. కొట్టులో త్రాసు ముల్లు సరిగ్గా యాభై ఏడు ఎక్కువ చూపేదాకా ఆకురాయితో అరగదీశాడు. యాభై ఆరు దగ్గర ఆగి ఉంటే ఒక గ్రాము దానం చేసినట్టయ్యేది.

పోటీ ఊరి బయట పాత రాతి క్వారీలో. మూడుసార్లు కప్పు గెలిచిన రదిమ్ అప్పటికే వచ్చి సాసేజి తింటున్నాడు. రదిమ్ ఇళ్ళకు పైకప్పులు వేస్తాడు. ఒతకార్‌తో కలిసి చదువుకున్నాడు. మేకులు ఒతకార్ కొట్టులోనే కొంటాడు, అదీ ఒక్కోసారి వంద గ్రాములు మాత్రమే. అంత పిసినారి ఆ జిల్లాలో లేడని ఒతకార్ అభిప్రాయం.

"కప్పు పెట్టుకోడానికి అర తుడిచొచ్చావా?" అన్నాడు రదిమ్.

"తుడిచాను. నీ కప్పులు మీ ఇంట్లో కోడిగుడ్లు పెట్టుకోడానికి పనికొస్తున్నాయటగా."

మొత్తం ఆరు పోటీలు. మొదటి మూడింటిలో ఒతకార్ తన జన్మలో ఎన్నడూ కాల్చనట్టు కాల్చాడు. అట్ట బొమ్మల నడుమ చిల్లులు పడ్డాయి, ఇనప పలకలు వరసగా కూలాయి, ఇత్తడి తన పని తాను చేసింది. రదిమ్ కన్నా పన్నెండు పాయింట్లు ముందుకు వెళ్ళాడు.

అప్పుడు పరికరాల తనిఖీ వచ్చింది. ఆ బల్ల దగ్గర కూర్చునేది హెద్వికా టీచరు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసింది. అక్కడున్న సగం మంది చేత ఆమె గోడకుర్చీ వేయించింది. ఖాళీ మేగజైన్‌తో పిస్టల్‌ను ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"పది గ్రాములు ఎక్కువ, ఒతకార్. పుస్తకం ప్రకారం నిన్ను ఓపెన్ విభాగానికి మారుస్తున్నాను."

ఓపెన్ విభాగమంటే గురి చూడ్డానికి ఎర్రచుక్క అద్దాలు, గొట్టం కొసన పొగ చిమ్మే రంధ్రాలు, మోచేతి పొడుగు మేగజైన్లు. ఆ పిస్టళ్ళ పక్కన ఒతకార్ పిస్టల్ తాళంచెవిలా ఉంటుంది. ఇప్పుడే ఆకురాయి తెచ్చి పది గ్రాములూ అరగదీస్తానన్నాడు.

"మూడు ప్రశ్నలు రాశాక ఆన్సరు పేపరు దిద్దుకుంటానంటే ఒప్పుకున్నానా ఎప్పుడైనా?"

దాంతో ఒతకార్ తప్పు కాటాదేనన్నాడు. తన త్రాసు మూడు తరాలుగా ఒక్క గ్రాము తప్పలేదనీ, దాన్ని తెప్పించి అందరి ఎదుటా తూచాలనీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. హెద్వికా సరేనంది. అడ్డుపడింది రదిమ్ ఒక్కడే.

"పోనీలేరా. పది గ్రాముల కోసం త్రాసు మోయించడం ఎందుకు? ఓపెన్‌లో కాల్చు, సరదాగా ఉంటుంది."

రదిమ్ నుదుట చెమట పట్టడం ఒతకార్ చూశాడు. ఓడిపోతానన్న భయం పట్టుకుందనుకున్నాడు. ఉన్న పట్టుదల రెట్టింపయింది. బ్లజేనాకు ఫోన్ చేశాడు.

ఆమె అరగంటలో త్రాసును దుప్పటిలో చుట్టి, కారు వెనక సీటులో బెల్టు పెట్టి తీసుకొచ్చింది. ఒక వైపు సరుకు పళ్ళెం, ఇంకో వైపు తూకపురాళ్ళ పళ్ళెం, నడుమ విసనకర్రలా విచ్చుకున్న అంకెల పలక. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా దగ్గరున్న అడ్డుపుల్లకు ఆనుకుని నిలుస్తుంది. జనం చుట్టూ మూగారు. పిస్టల్ పెట్టారు. ముల్లు సరిగ్గా యాభై ఏడు ఎక్కువ చూపింది. ఒతకార్ చేతులు కట్టుకుని రదిమ్ వైపు చూశాడు.

హెద్వికా పిస్టల్ దించి, ప్రభుత్వ ముద్ర ఉన్న కిలో రాయిని అదే పళ్ళెంలో పెట్టింది. ముల్లు తొమ్మిది వందల తొంభై దగ్గర ఆగిపోయింది.

"అంటే ఇన్నేళ్ళూ మాకు తూకంలో మోసమన్నమాట," అన్నాడు వెనక నుంచి కొళాయిలు బాగుచేసే వొయ్‌మీర్.

గొడవ అంటుకుంది. ఒకడికి వసంతంలో కొన్న స్క్రూలు గుర్తొచ్చాయి, ఇంకొకడికి కంచె తీగ. ఒతకార్ త్రాసుకు అడ్డంగా నిలబడ్డాడు. కప్పు సంగతి అలా ఉంచి, కొట్టు బోర్డు మీద తాత పేరుంది. అప్పుడు హెద్వికా ఒక అట్ట బొమ్మను తిరగేసి పెన్ను తీసింది. ఎవరూ చెప్పకుండానే అందరూ నోరు మూసుకున్నారు.

"కిలో రాయి పెడితే ఇది తొమ్మిది వందల తొంభై అంటోంది. ఇది కిలో అనాలంటే మేకులు ఎన్ని గ్రాములు పొయ్యాలి? రదిమ్, నువ్వు చెప్పు."

"వెయ్యీ పది," అన్నాడు రదిమ్ బూట్లు చూసుకుంటూ.

"వంద అనాలంటే?"

"నూట పది."

"బళ్ళో ఇంత వేగంగా ఒక్కనాడూ చెప్పలేదే నువ్వు."

బ్లజేనా నెమ్మదిగా రదిమ్ వైపు తిరిగింది. "అందుకా, మూడేళ్ళుగా రోజుకి రెండుసార్లు వచ్చి వంద గ్రాములు, వంద గ్రాములు అంటావు? నీ సంచి చిన్నదేమోనని నేను జాలిపడ్డాను కదయ్యా."

రదిమ్ సాసేజి కాగితం మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. తన ఇంట్లోనూ కాటా ఉందనీ, సరుకు ఎక్కువొస్తే కొట్టువాడికి చెప్పాలని ఏ పుస్తకంలోనూ లేదనీ గొణిగాడు. ఒతకార్‌కు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువైంది. ఆ మాట తాను అనవలసింది.

త్రాసును బోర్లించి చూశారు. తూకపురాళ్ళ పళ్ళెం అడుగున గుండ్రటి అయస్కాంతం ఒకటి అంటుకుని ఉంది. ఒతకార్ చేత్తో రాసిన ధర చీటీ ఇంకా దాని మీదే ఉంది. ఎలక్ట్రానిక్ కాటా మీద తూచారు. పది గ్రాములు.

ఫిర్యాదు కొట్టేశారు. మిగిలిన మూడు పోటీలూ ఒతకార్ ఓపెన్ విభాగంలో, పళ్ళు బిగించి, పలక పలకకూ గురి చూసి కాల్చాడు. అయిదుగురిలో అయిదో స్థానం వచ్చింది. ఫ్యాక్టరీ విభాగం కప్పు రదిమ్‌ది. దాన్ని అతను సంచిలో దాచుకుని, చప్పట్లు పూర్తికాకముందే వెళ్ళిపోయాడు.

సోమవారం కొట్టు తెరిచేసరికి గుమ్మంలో పద్నాలుగు మంది నిలబడి ఉన్నారు. అందరికీ వంద గ్రాముల మేకులు కావాలి, అదీ పాత త్రాసు మీదే తూచాలి. అయస్కాంతం తీసేశానని ఒతకార్ చెబితే సగం మంది వెనుదిరిగారు. తిరగని సగంలో చివర రదిమ్ ఉన్నాడు. మూడేళ్ళలో మొదటిసారి రెండు కిలోలు ఒకేసారి అడిగాడు. ముల్లు వైపు చూడకుండా డబ్బులిచ్చాడు.

సాయంత్రం పిస్టల్ సామగ్రి మెట్ల మీదికి దిగింది, దోసకాయలు అర ఎక్కాయి. ఒతకార్ మెట్ల మీద కూర్చుని లెక్క చూసుకున్నాడు. పోయినవి కప్పు, అర, నాలుగేళ్ళుగా తూకానికి పది గ్రాముల సరుకు. వచ్చింది నూరో అయస్కాంతం. దాన్ని పెట్టెలో వేసి మూత పెట్టి, బర్నో వర్తకుడికి ఎనిమిదో ఉత్తరం మొదలుపెట్టాడు.

ఆ క్షమాపణకు అంటించవలసిన స్టాంపు ఖరీదు, అయస్కాంతం ఖరీదు కన్నా రెండు కొరూనాలు ఎక్కువ.