పిల్లల గదికి పెళ్ళిచూపులు

2003లో, మిరపకాయలు కల్లాలకు చేరిన రోజుల్లో, ఒక ఉదయం జ్యోతిర్మయి వేసుకున్న పథకం చాలా చిన్నది. గుంటూరు స్టేషనుకు వెళ్ళడం, హైదరాబాదు నుంచి వచ్చే ఫౌండేషన్ ఆఫీసరును ఆటోలో ఊరికి తీసుకురావడం, పిల్లల గదిని ఉన్నది ఉన్నట్టు చూపించడం. అంతే.

పెదకాకానికి కాస్త అవతల, మిరప కల్లాన్ని ఆనుకుని ఉన్న పాత పత్తి గోడౌనే ఆ గది. కల్లంలో తొడిమలు తీసే తల్లులు పొద్దున్నే పసివాళ్ళను అక్కడ దింపి పనికి పోతారు. ఒకప్పుడు ఆ పసివాళ్ళు కాయల రాశుల పక్కనే, ఆ ఘాటుకు దగ్గుతూ నిద్రపోయేవారు. అది చూడలేక జ్యోతిర్మయి నలుగురినీ కూడగట్టి సేవా సంఘం పెట్టింది. గోడౌను అడిగి తీసుకుని, దూలాలకు చీర ఉయ్యాలలు కట్టించి, సర్దార్‌బీని ఆయాగా కుదిర్చింది. ఇన్నాళ్ళూ చందాలతో ఎలాగో నడిచింది. ఇప్పుడు చందాలు ఆగిపోయాయి. ఫౌండేషన్ వాళ్ళు కూడా డబ్బు సాయానికి కాదంటే ఉగాదికల్లా గదికి తాళం పడుతుంది, పిల్లలు మళ్ళీ రాశుల పక్కకే పోతారు.

సంఘానికి అధ్యక్షుడు పేరయ్య. పని జ్యోతిర్మయిది, దండలు పేరయ్యవి. ఆటో ఎక్కబోతూ ఆమె ఆయనకు ఒకే ఒక్క మాట చెప్పింది.

"బాబాయ్‌గారూ, దేన్నీ ముట్టుకోకండి. ఆవిడ చూడ్డానికే వస్తోంది."

ఆ చివరి మాటే కొంప ముంచింది. చూడ్డానికి వచ్చేవాళ్ళంటే పేరయ్యకు ఒక్క రకంవాళ్ళే తెలుసు. ఊళ్ళో ఏ పెళ్ళిచూపులైనా పెద్దరికం ఆయనదే. వచ్చినవాళ్ళకు ఇల్లు బోసిగా కనబడకూడదు. అందుకని సోఫా ఒకరింటి నుంచి, కప్పులు ఇంకొకరింటి నుంచి ఎరువు తెస్తారు. వచ్చినవాళ్ళు వీధి మలుపు తిరగగానే ఎవరివి వాళ్ళకు చేరిపోతాయి. అడిగినవాళ్ళకు లేదనడం ఆ ఊరి మర్యాద కాదు.

ఆ రోజు రైలు నాలుగు గంటలు లేటు. పేరయ్యకు అంత వ్యవధి ఎన్నడూ దొరకలేదు.

మధ్యాహ్నం ఫౌండేషన్ ఆఫీసరు హారికతో ఆటో దిగిన జ్యోతిర్మయి గది గుమ్మంలోనే నిలబడిపోయింది. ఊళ్ళోని యలమంద ఇంటి సోఫా. ఎదురుగా యలమందదే కలర్ టీవీ. టైలరు ముస్తాక్ కొట్లోని స్టాండు ఫ్యాను, దానికి పక్కింటి నుంచి లాగిన వైరు. కిటికీకి లేసు పరదా. బల్ల మీద వెంకటరావమ్మ పింగాణీ కప్పులు. పిల్లలు లేరు, ఉయ్యాలలు లేవు.

హారిక ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి. పేరయ్య ఆమె వెనకాల ఇంకెవరైనా దిగుతారేమోనని ఆటోలోకి తొంగి చూశాడు.

"పెద్దవాళ్ళెవరూ రాలేదామ్మా?"

"నేనొక్కదాన్నేనండి."

"సరే, కూర్చోండి. మాకు ఏ లోటూ లేదు, మీరే చూస్తున్నారుగా."

హారిక సోఫాలో కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగుతూ చుట్టూ చూసింది. "ఇంత బాగుందని మీరు రాయలేదేంటండీ? మా నుంచి ఏం ఆశిస్తున్నారు?"

ఆ ప్రశ్నకు జవాబు పేరయ్యకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. "అబ్బే, ఆశించేవాళ్ళం కాదమ్మా. మనసులు కలిస్తే చాలు."

హారిక పెన్ను మూత పెట్టేసింది. "మంచిదండీ. ఫ్యానే లేని ఊళ్ళు చాలా ఉన్నాయి. ముందు వాటికి ఇవ్వాలి కదా."

జ్యోతిర్మయికి ఏడుపొక్కటే తక్కువ. ఎరువు సామానని చెబితే, ఎండలో ప్రేమగా మోసుకొచ్చిన ఊరిని కొత్త మనిషి ముందు చిన్నబుచ్చినట్టవుతుంది. చెప్పకపోతే గది పోతుంది. అంతలో వెనక పంచలోంచి సన్నగా దగ్గు వినిపించింది. సోఫాకు చోటు చాలక, పిల్లలను సర్దార్‌బీతో సహా అక్కడికి పంపేశారు. ఆ పంచకు ఎదురుగానే కల్లం. ఎవరి కోసం ఈ గది పెట్టిందో వాళ్ళే గది బయట ఉన్నారు. ఆ దగ్గు విన్నాక ఆమె ఇక ఊరుకోలేకపోయింది.

"హారికగారూ, ఇందులో ఏదీ మాది కాదండి. ఆ దగ్గేవాళ్ళే మావాళ్ళు."

పేరయ్య తల దించుకున్నాడు. హారిక ముఖంలో నమ్మకం కనబడలేదు. "కాదన్నాక అందరూ ఇలాగే అంటారండి," అంది లేవబోతూ.

గుమ్మంలో ముస్తాక్ కనిపించాడు. "పేరయ్యగారూ, పన్నెండింటికల్లా పంపుతానన్నారు ఫ్యాను. కొట్లో ఉడికిపోతున్నామండి." అతను ఫ్యాను ఎత్తుకుని, హారికకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

తర్వాత వెంకటరావమ్మ వచ్చింది. "మా ఆడపడుచు దిగిందమ్మాయ్, కాఫీకి కప్పుల్లేవు. తాగేశావుగా తల్లీ?" అంటూ హారిక చేతిలోని కప్పు అందుకుంది. పోతూ పోతూ పరదా కూడా ఊడదీసుకుంది.

"మావయ్యా, ఇండియా బ్యాటింగు మొదలైపోయింది!" అంటూ యలమంద తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చి టీవీ పట్టుకుపోయాడు. వెంటనే తిరిగొచ్చి, సోఫా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరు కూర్చోండి మేడమ్, తొందరేం లేదు," అన్నాడు. కానీ కదల్లేదు. హారిక లేచి, నేల మీది పాత చాప మీద కూర్చుంది.

గది ఖాళీ అయింది. సర్దార్‌బీ పిల్లలను లోపలికి తెచ్చి, దూలానికి చీర కట్టి, దగ్గుతున్న పాపను అందులో వేసింది.

"ఈ చీర కోసం కూడా ఎవరైనా వస్తారా?" అడిగింది హారిక.

"రారమ్మా. నాదే."

హారిక ఉయ్యాలను ఒకసారి మెల్లగా ఊపింది. తర్వాత పెన్ను మూత తీసింది.

"సంబంధం తప్పిపోయిందమ్మాయ్, అంతా నా వల్లే," అన్నాడు పేరయ్య, ఆటో వెళ్ళాక. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి జ్యోతిర్మయి కోపం చల్లారింది.

సంబంధం తప్పలేదు. ఉగాదికి ముందే గదికి కొత్త తలుపులు, కరెంటు, ఇనుప ఉయ్యాలలు, సర్దార్‌బీకి జీతం, తళతళలాడే కొత్త స్టాండు ఫ్యాను వచ్చాయి. ఇంకో వారానికి పేరయ్య పొద్దున్నే గది ముందు ప్రత్యక్షమయ్యాడు.

"యలమంద చెల్లెల్ని చూడ్డానికొస్తున్నారమ్మాయ్. ఆ కొత్త ఫ్యాను ఒక్క పూట ఇస్తావా?"

ఆ పెళ్ళివారు రైల్లో రావడం లేదని రూఢి చేసుకున్నాకే జ్యోతిర్మయి ఫ్యాను ఇచ్చింది.