చెక్క మీద పసుపు

శుక్రవారం సెలవు గనక తెల్లారగానే చెక్కను రెండు చేతులా బాగా గుద్ది, ఆ తర్వాత క్యాంపు బాస్ షమీమ్ దగ్గర సెలవు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలని లింబాద్రి అనుకున్నాడు. సంతకం పడితే వచ్చే వారం జగిత్యాలలో ఉంటాడు. కూతురు నడక కూడా నేర్చింది, తను ఇంకా ముఖం చూడలేదు.

చెక్క సంగతి ఇది. గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, సౌదీలోని జుబైల్ ప్లాంటును ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనికి జపాన్‌లోని ఒకినావా నుంచి హిగా అనే ఇంజినీరు వచ్చాడు. బక్కమనిషి. టీ తాగే వేళ ముంజేతులను ఇనుప పైపుకేసి టపటపా కొట్టుకునేవాడు. వాళ్ల ఊరి కరాటేలో ఒళ్లు గట్టిపడేది అట్లాగేనట. పైపులు బిగించే లింబాద్రికి అది తెగ నచ్చింది. ఒక చెక్కను నేలలో పాతి, పైన తాడు చుట్టి, రోజూ పిడికిలితో గుద్దమని హిగా చెప్పాడు. లింబాద్రి క్యాంపు వెనక, నీళ్ల ట్యాంకు పక్కన పాతాడు.

పిడికిలి గట్టిపడే ముందు తోలు లేచింది.

"చేతులు గిట్ల జేసుకున్నవేందిరా? గా చెక్కతోని నీకేం పగ?" అంటూ గదిలో పెద్దవాడు, వాళ్ల ఊరివాడే అయిన భోజన్న, నూనెలో పసుపు కలిపి రాశాడు. ఆ చేతులతోనే లింబాద్రి రోజూ గుద్దాడు. చెక్క పైభాగమంతా పచ్చబడింది. నడుమ నెత్తురు చుక్క ఒకటి గుండ్రంగా అంటుకుంది.

శుక్రవారం పొద్దున వెళ్లేసరికి చెక్క ముందు అగరొత్తులు వెలుగుతున్నాయి. వేపమండ, నిమ్మకాయ ఉన్నాయి. పక్క గది అంజన్న చెప్పులు విడిచి, బెల్లం బువ్వ గిన్నెతో నిలబడి ఉన్నాడు.

"పోచమ్మను ఎవలు నిలిపిన్రో గానీ పుణ్యాత్ములురా. మొన్న మొక్కిన. నిన్న ఇంటికి ఫోన్ జేస్తే పోరనికి జరం ఇడిసిందన్నరు."

లింబాద్రి బిగించిన పిడికిలి గాలిలోనే ఆగింది. మెల్లగా విప్పి, రెండో చేయి కలిపి మొక్కాడు.

"అన్నా, గిది..."

"ముందుగాల బువ్వ తిను."

తిన్నాడు. బువ్వతో పాటు మాట కూడా లోపలికి పోయింది. అప్పటికే ఇంకొందరు వచ్చి వరుసలో నిలబడ్డారు, భోజన్నతో సహా.

అగరొత్తుల వాసనకు షమీమ్ వచ్చాడు. చెక్కను చూసి తల పట్టుకున్నాడు.

"క్యా హై యే? పూజా? ఊపర్ మాలూమ్ హువా తో సబ్ కా ఖురూజ్. మేరా భీ."

ఆ దేశంలో పూజలు నిషేధం; పైవాళ్లకు తెలిస్తే అందరికీ ఖురూజే, తనకూ. ఖురూజ్ అంటే ఇంటికి పంపేయడం. లింబాద్రి కోరుకున్న ప్రయాణమే, కాకపోతే మళ్లీ పనికి తిరిగి వచ్చే వీలు లేనిది.

"పూజా నహీ సాబ్. కరాటే," అన్నాడు.

"అచ్ఛా. మారో."

అంజన్న ముఖం తిప్పుకున్నాడు. భోజన్న లింబాద్రి చెవిలో గొణిగాడు: "గుద్దురా. తల్లి ఏమనుకోదు. షమీమ్ అనుకుంటడు."

లింబాద్రి నడుం వంచి మొక్కి, "తప్పైతే కాయి తల్లీ" అని గొణిగి గుద్దాడు.

"ఔర్ యే లోగ్?" అన్నాడు షమీమ్.

వాళ్లూ కరాటే వాళ్లేనని చెప్పక తప్పలేదు. ఒక్కొక్కరే వంగారు, గొణిగారు, గుద్దారు. అంజన్న చెంపలు వేసుకుని గుద్ది, గుద్దినందుకు మళ్లీ చెంపలు వేసుకున్నాడు.

లింబాద్రి చేతులు ఎంతవరకు వచ్చాయో చూద్దామని హిగా జీపు దిగింది అప్పుడే. వరుసను మొదటి నుంచి చివరిదాకా చూశాడు. గుద్దే ముందు వంగమని తన దేశంలో కుర్రాళ్లకు ఎంత చెప్పినా వినలేదు. ఇక్కడ ఎవరూ చెప్పకుండానే వంగుతున్నారు. ఆయన బూట్లు విప్పి, తనూ వంగి గుద్ది, షమీమ్ వైపు తిరిగాడు.

"వెరీ గుడ్ రెస్పెక్ట్. ఎవ్రీ డే. యూ ఆల్సో."

ఇంజినీరు మాటను క్యాంపు బాస్ కాదనలేడు. షమీమ్ గుద్దబోయి మణికట్టు మెలిపెట్టుకున్నాడు. చేయి పూరీలా పొంగింది.

భోజన్న పసుపు గిన్నె తెచ్చి పట్టు వేశాడు. అగరొత్తులు మాత్రం వద్దన్నాడు షమీమ్. అంతకు మించి పూజ మాట ఎత్తలేదు. అతని చేతిదీ చెక్కదీ ఇప్పుడు ఒకే రంగు. లింబాద్రి కాగితం ముందు పెడితే ఆ చేత్తోనే సంతకం చేశాడు. పక్కన పసుపు మరక పడింది.

అంజన్న ఆ కాగితం తీసుకుని కళ్లకద్దుకున్నాడు.