శాంతిరాజు కంప్యూటర్ల నామకరణం

శనివారం పొద్దున్న ఉప్మా తింటూ లెక్కల మాస్టారు శాంతిరాజు, ఇంట్లోని మూడు కంప్యూటర్లకూ పేర్లు పెడతానని ప్రకటించాడు. మూడూ మూడు జాతులవి. హాల్లోది విండోస్, ప్రింటరు దాని పక్కనే. భార్య వరమ్మది తమ్ముడిచ్చిన పాత మాక్. కూతురు మెర్లిన్‌ది లినక్సు. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఏదైనా పంపాలంటే పెన్‌డ్రైవు పట్టుకుని ఇల్లంతా తిరగాలి, లేదా దానికి రౌటరిచ్చిన, ఎవరికీ గుర్తుండని నంబరు కొట్టాలి.

"పేరెట్టి పిలిస్తే పలకాలి గానీ, ఈ నంబర్ల గోలేటి?" అన్నాడు.

వరమ్మ మనసు అక్కడ లేదు. నాలుగింటికి చర్చిలో స్త్రీల సమాజం వార్షికోత్సవం. జీవితంలో మొదటిసారి ఆమె ఒక పాట రాసి తన మాక్‌లో పెట్టుకుంది. నలభై మంది చేతుల్లో కాగితాలు లేకపోతే అది పాడేదెవరు?

"ముందు నా పాట ప్రింటు తీసీండి. తరవాత మీ ఇష్టం."

"పేరుతోనే తీస్తాను, సూడు!"

హాల్లోదానికి పేతురు, వరమ్మదానికి మార్త, మెర్లిన్‌దానికి మరియ అని పేర్లు పెట్టి, ఎవరిది ఏ నంబరో మూడింట్లోనూ పట్టీ రాశాడు. అవి ఒకదాన్నొకటి పలకరించుకునేసరికి రెండయింది. శాంతిరాజు మురిసిపోయాడు.

అంతలో పక్కింటి గృహప్రార్థనకు ముగ్గురూ బయల్దేరారు. ఇల్లు వదిలితే కరెంటు మెయిను కట్టేయడం వరమ్మకు అలవాటు. కట్టేసింది, వచ్చాక వేసింది. నంబర్లు పంచే రౌటరు పాతవన్నీ మరిచిపోయి, ముందు లేచినవాళ్లకు ముందు ఇచ్చుకుంటూ పోయింది. వరమ్మ కంప్యూటరు నంబరు మెర్లిన్‌దానికి దక్కింది. పట్టీలో మాత్రం పాత లెక్కే ఉంది.

ఇదేమీ తెలియని శాంతిరాజు, పేతురు ముందు కూర్చుని మార్తను పిలిచాడు. ఒకటే ఫైలు కనిపించింది. తెరిచి చూడడం నమ్మకం లేనివాళ్ల పని అనుకుని, నలభై కాపీలకు నొక్కి టీకి వెళ్లాడు.

"ఏటండీ ఇది? కప్ప!" అని వరమ్మ కేక.

మెర్లిన్ పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, అది నా జువాలజీ రికార్డు! కప్ప జీర్ణవ్యవస్థ."

నలభై కాగితాలు, నలభై కప్పలు, అన్నీ పొట్టలు తెరుచుకునే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఊరంతా కరెంటు పోయింది. జిరాక్సు షాపుల ఆశ కూడా పోయింది. టైము మూడున్నర.

వరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నెల్లాళ్లు కూకుని రాసేనండీ."

శాంతిరాజు సిగ్గుతో తల దించుకున్నాడు. వరమ్మ ముక్కు తుడుచుకుని, ఒక కాగితం వెనక్కి తిప్పి చూసింది. "ఇటేపు తెల్లగానే ఉంది కదేటి," అని కట్టంతా సంచీలో పెట్టుకుంది.

చర్చిలో ఆమె ఒక్కో లైను చెప్తుంటే నలభై మందీ రాసుకున్నారు. చేత్తో రాసిన పాట కాబట్టి రెండో చరణానికల్లా అందరికీ నోటికొచ్చేసింది. ఏ ఏడూ లేనంత గట్టిగా పాడారు. వెనక బెంచీలో శాంతిరాజు కళ్లు తుడుచుకున్నాడు. ఎదురుగా వేదిక మీద ఉన్న పాస్టరు గారు మాత్రం కళ్లు గట్టిగా మూసుకున్నారు. తెరిచినప్పుడల్లా ఆయనకు నలభై కప్పలు కనిపిస్తున్నాయి.

వచ్చే ఏడు కూడా పాట వరమ్మే రాయాలనీ, మాస్టారు దాన్ని ప్రింటు తీయకూడదనీ సమాజం ఏకగ్రీవంగా తీర్మానించింది.