ఫాల్‌కీ కొలాప్స్‌కీ తేడా

మా మంత్రిగారి హయాంలో ఇంతవరకూ ఒక్క భవనం కూడా కొలాప్స్ కాలేదు. ఇకమీదట కాబోదు కూడా. తప్పనిసరైతే ఫాల్ అవుతుంది, అంతే.

సోమవారం వెలువడిన ఈ ప్రకటనను టైపు చేసే భాగ్యం భవనాల శాఖలో టైపిస్టునైన నాకే దక్కింది. కాబట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు పాఠకులకు విన్నవించుకోవడం నా ధర్మం.

ఆదివారం మధ్యాహ్నం ప్రభుత్వ బడిలో ఎడమవైపు బ్లాకు నేలమట్టమైంది. సెలవు రోజు గనుక లోపల ఎవరూ లేరు. కుడివైపు బ్లాకు ఇంకా నిలబడే ఉంది. రెండూ ఒకే ఏడాది, ఒకే కాంట్రాక్టరు కట్టినవి. ఆ కాంట్రాక్టరు మంత్రిగారికి స్వయానా బావమరిది. నిలబడ్డ బ్లాకులో మా ఆవిడ మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. నలభై ఇద్దరు పిల్లలు.

మా శాఖలో కొలాప్స్‌కి పదహారు పేజీల ఫారం ఉంది. అది నింపితే అదే కాంట్రాక్టరు కట్టిన పక్క భవనాన్ని ఆ రోజే ఖాళీ చేయించి విచారణ వేయాలి. ఫాల్‌కి ఒక్కటే పేజీ. లారీ పంపి ఎత్తించేస్తే సరి. ఇన్నాళ్లూ దాన్ని చెట్టు కొమ్మలకే వాడేవాళ్లం.

సోమవారం పొద్దున మా చీఫ్ ఇంజనీరుగారు మూడు డిక్షనరీలు తెప్పించుకుని మంత్రిగారి ఎదుట కూర్చున్నారు.

"కొలాప్స్ అంటే లోపల లోపం ఉండి కూలడం సార్. ఫాల్ అంటే ఏ లోపమూ లేకుండా దాని మానాన అది పడటం."

"మరి మనది?"

"లోపల ఏముందో మనం చూడలేదు సార్. చూడలేదు గనుక లోపం కనపడలేదు. కనపడలేదు గనుక ఫాల్."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఇంతటి మేధావి ఇన్నాళ్లూ మన శాఖలోనే ఉన్నాడా అని పీఏని అడిగారు.

ఈలోగా ఒక జూనియర్ ఇంజనీరు శిథిలాల్లోంచి గోడ ముక్క తెచ్చి, అందరి ముందూ గుప్పిట్లో నలిపి పిండి చేశాడు. ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేసినందుకు అతనికి మెమో ఇచ్చారు. అదీ నేనే టైపు చేశాను.

సాయంత్రం మంత్రిగారు బడి దగ్గర విలేకరులతో మాట్లాడారు. కుడివైపు బ్లాకు వజ్రంలా ఉందని, మంగళవారం క్లాసులు మామూలుగా జరుగుతాయని చెప్పారు. ఫొటోలకు వెలుతురు బాగుంటుందని రోడ్డుకు అవతలి పక్కన నిలబడి చెప్పారు.

ఇంటికెళ్లేసరికి మా ఆవిడ కంచం ముందు ఊరికే కూర్చుని ఉంది.

"ఏవండీ, మా క్లాసు గోడ పగుల్లో నా అరచెయ్యి దూరుతోంది. రేపు పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టమంటారా?"

అది ఉత్త ఫాలేనని, కాగితం నా చేత్తోనే కొట్టానని ధైర్యం చెప్పాను. ఆవిడ నా మొహంలోకి అదోలా చూసింది.

మంగళవారం పొద్దున్నే చీఫ్ ఇంజనీరుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు. ఆయన కోడలు కూడా టీచరే, మా ఆవిడ పక్క గదిలో ఐదో తరగతి. విద్యాశాఖలో ఉన్న స్నేహితుడికి ఆయన ఉత్తరం చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. మా కోడలికి నిన్ననే సెలవు పెట్టించాను, వెంటనే వేరే బడికి మార్పించు, ఆ బ్లాకు ఏ క్షణమైనా కొలాప్స్ కావచ్చు అన్నారు.

నా వేళ్లు ఆగిపోయాయి.

"సార్, ఫాల్ అని కొట్టాలి కదండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అది ఆఫీసు కాగితాలకయ్యా. ఇది ఇంటి ఉత్తరం. చెప్పింది చెప్పినట్టు కొట్టు."

ఒక్క తప్పు కూడా పోకుండా కొట్టాను. గోడ గడియారం తొమ్మిదింబావు చూపిస్తోంది. మా ఆవిడ ఈపాటికి హాజరు పిలుస్తూ ఉంటుంది.